బొమ్మ ఊరి దీపాలు

చిట్టా 1
గాలి తూర్పు. వెలుగుతున్నవి: అన్నీ. ఆరిపోవాల్సింది కూడా.

దీపాలు అబద్ధమాడాయని ఊరంతా అంటోంది. అందుకని ఈ పూట నుంచి చిట్టా రాయమని తవిటమ్మ చెప్పింది. తవిటమ్మ మా కాపలాదళానికి పెద్ద. ఆవిడ చెప్పాక రాయనని అనేవాళ్ళు ఈ కొండ మీద లేరు కాబట్టి రాస్తున్నాను. నా పేరు పోలమ్మ. ఊరి దీపాల పని నాది.

దీపం అబద్ధమాడదు. తీగ తెగుతుంది, బ్యాటరీ చస్తుంది, మనుషులు నోటికొచ్చింది చెబుతారు. చిన్న ఎల్‌ఈడీ దీపానికి అంత తెలివి ఎక్కడ ఏడ్చింది?

జరిగింది ఇది. నిన్న మిట్టమధ్యాహ్నం, ఎండకి ఊరంతా తలుపులేసుకుని పడుకున్న వేళ, సముద్రం మీంచి దోపిడీకి దిగే పడవోళ్ళు కొండెక్కి వచ్చి కిమిడి సింహాద్రి ఇంట్లో జొరబడ్డారు. సింహాద్రిని చేపల కత్తితో మెడ మీద నరికి గుమ్మంలో పడేశారు. అతని భార్యని జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు, ఇంటి మీది సోలార్ పలకలు ఊడదీసుకుపోయారు. ఇంత జరుగుతుంటే బొమ్మ ఊరిని ఉంచే కొలువు డబ్బాలో కాపలావాళ్ళు దాన్ని చూస్తూనే కూర్చున్నారు. అందులో సింహాద్రి ఇంటి దీపం తెల్లగా, హాయిగా వెలుగుతూనే ఉంది.

మా ఊరు పాత ఓడల కంటైనర్లు, మేం డబ్బాలంటాం, కొండ మీదికి లాగి, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టుకున్నది. ఎరుపు, నీలం, పసుపు. సముద్రం మింగిన రేవు నుంచి వాటిని తెచ్చిన కాలంలో, తిండి ఉంటుందని ఒక డబ్బా పగలగొడితే నిండా పిల్లలు ఆడుకునే బొమ్మ ఇటుకలున్నాయట. పెద్దవాళ్ళు కూలబడి ఏడ్చారట. ఏడుపయ్యాక ఆ ఇటుకలతోనే ఊరు ఎలా కట్టుకోవాలో నమూనా పేర్చి చూసుకున్నారు. ఆ నమూనాయే బొమ్మ ఊరు. ఇక్కడ ప్రతి ఇంటికీ అందులో బొమ్మ ఇల్లు, ప్రతి బొమ్మ ఇంట్లో ఒక దీపం. మనుషులు లోపల ఉండి గడియ పెడితే తెలుపు. ఇల్లు ఖాళీ అయితే చీకటి. ఆపదొచ్చి గోడ మీది మీట నొక్కితే ఎరుపు. ఎర్రగా వెలిగిన ఇంటికి కాపలాదళం పరిగెడుతుంది. ఇంతే మా బతుకు.

సింహాద్రి ఇంటికి వెళ్ళి మీట చూశాను. దాని నిండా నెత్తురు వేళ్ళ ముద్రలు. ఒకసారి కాదు, నొక్కుతూనే ఉన్నాడు పాపం. ఆ నెత్తురు గుడ్డతో తుడిచి, మీట ఊడదీసి చూశాను. మీట బాగానే ఉంది. అంటే తేడా తీగలో ఉంది.

చిట్టా 2
గాలి లేదు. వెలుగుతున్నవి: సింహాద్రి ఇల్లు తప్ప అన్నీ.

సింహాద్రి బొమ్మ ఇంట్లోంచి దీపం తీశాను. చచ్చిపోయిన ఇంటి దీపం తీయడం కూడా నా పనే. పైకప్పు ఇటుక గోటితో లేపి, వెంట్రుకంత రాగితీగల్ని జాగ్రత్తగా లాగి, గింజంత ఎల్‌ఈడీని బయటికి తీయాలి. ఆ దీపం పాతకాలం పండగ సీరియల్ సెట్టులోది. నేనే దాని తల అరగదీసి, ఇటుక బొడిపెల మధ్య పట్టేలా చేసి, సింహాద్రి పెళ్ళినాడు బిగించాను. పారేయబుద్ధి కాలేదు. సీసాలో వేసుకున్నాను.

పొద్దున్నే బొమ్మ ఊరు దుమ్ము దులిపి, ఎండ ముదిరేలోగా అందరిలాగే ఇంటికెళ్ళి పైకప్పు గోనెలు తడుపుకున్నాను. ఇనప డబ్బాలో బతకాలంటే గోనెలు తడిగా ఉండాలి. లోపల మనుషులుంటేనే తడపాలి, ఖాళీ ఇంటికి నీళ్ళు పోస్తే కాపలావాళ్ళు ఊరుకోరు. పోయిన వేసవిలో గోనె తడపని డబ్బాలో మేకని మర్చిపోయాం. మధ్యాహ్నం తిరిగేసరికి నాలుక బయటపెట్టి చచ్చిపడుంది. పిల్లల డబ్బాకి మాత్రం రెండు వరసల గోనెలు. ఊళ్లో పిల్లలందరూ మధ్యాహ్నం అక్కడే, ముసలి సన్యాసమ్మ దగ్గర పడుకుంటారు.

పడుకున్నానో లేదో అరుపులు. బంగారమ్మ ఇల్లు. నేను వెళ్ళేసరికి పడవోళ్ళు దిగిపోతున్నారు, వాళ్ళ వెనక రాళ్ళు దొర్లుతున్నాయి. బంగారమ్మ కొడుకు నూకరాజు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కడుపులో గాలపు కొక్కెం దిగబడి ఉంది. పెళ్ళీడు కుర్రాడు, నిన్ననే నా దగ్గర తీగముక్క అడిగి పట్టుకెళ్ళాడు. వాళ్ళమ్మ కొక్కెం పట్టుకుని లాగబోతుంటే వద్దని సైగ చేశాడు. ఆ సైగ చేస్తూనే పోయాడు.

దీపం తెల్లగానే ఉందట.

తర్వాత జరిగింది కూడా రాయాలి, చిట్టా అన్నాక దాపరికం ఎందుకు. ఊరంతా నా చుట్టూ మూగింది. బంగారమ్మ నా జుట్టు పట్టుకుంది.

"నా కొడుకు మీట నొక్కినాడే. నొక్కి నొక్కి ఏలు వాసిపోనాదే. నీ దీపం ఏటి సేసినాదే?"

"మీట బాగానే ఉంది బంగారమ్మా. తీగని ఎవరో—"

"ఎవులు? ఊల్లో ఆ తీగలు తెల్సినోల్లు ఎవులే? నువ్వొక్కద్దానివి కాదేటి?"

నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. దానికి జవాబు నాకు తెలుసు, చెప్పకూడదు. ఎందుకు చెప్పకూడదో తర్వాత రాస్తాను. నేను నోరు మూసుకోవడం వాళ్ళకి ఒప్పుకున్నట్టు కనబడింది. ఇద్దరు మగాళ్ళు నా కుడిచెయ్యి పట్టి తలుపు సందులో పెట్టారు. బంగారమ్మ తలుపు వేసింది. ఇనప తలుపు. చూపుడువేలు, నడిమివేలు విరిగిన చప్పుడు నాకు వినబడింది, తర్వాత నా అరుపు వినబడింది. రెండోసారి వెయ్యబోతుంటే తవిటమ్మ వచ్చి ఈటె కర్రతో వాళ్ళని బాదింది.

"ఏళ్ళన్నీ ఇరగ్గొట్టీస్తే రేపు దీపాలెవులు సూత్తారు, మీ అమ్మా బాబులా?" అంది.

నా మీద జాలి కాదు అది. అయినా ఆ మాటకి ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

చిట్టా 3
గాలి తూర్పు. వెలుగుతున్నవి: రెండు ఇళ్ళు తప్ప అన్నీ.

ఎడమచేత్తో రాస్తున్నాను. కోడి గెలికినట్టుంది, చదివేవాళ్ళు సర్దుకోవాలి.

కొడుకు పోయాక ఉండలేక బంగారమ్మ ఖాళీ చేసిన ఇంటి కిందకి పాకుతూ వెళ్ళి తీగ పట్టుకుని చూసుకుంటూ పోయాను. ఇంటి నేలలో తీగ పైకెక్కే కన్నం ఉంటుంది కదా, సరిగ్గా ఆ కన్నం దగ్గర దొరికింది. తీగ మీది లక్కపూత గీకి, రెండు కొసలు కలిపి ముడేశారు. ఆ ముడి పడ్డాక ఇంట్లో మీట నొక్కినా నొక్కకపోయినా ఒకటే, దీపం తెల్లగానే వెలుగుతుంది. సింహాద్రి ఇంటి కింద కూడా అలాంటిదే.

ఆ ముడిని చాలాసేపు చూశాను. లక్కపూత చాకుతో గీకలేదు, ఆలిచిప్ప అంచుతో గీకారు. చాకుతో గీకితే రాగి కోసుకుపోతుందని మా అమ్మ చిప్పతో గీకేది. మెలిక ఎడమవైపుకి తిప్పి, మిగిలిన తోక లోపలికి మడిచి పెట్టారు, చేతికి గుచ్చుకోకుండా. ఈ పని ఇలా చేసేవాళ్ళు ఇద్దరే. ఒకరు నేను. రెండోవాడికి నేనే నేర్పాను.

ఇప్పుడు ఆ సంగతి రాయాలి. ఊళ్లో ఎవరినైనా చంపినవాణ్ణి మేము చంపం. దీపం ఆర్పుతాం. బొమ్మ ఊళ్లో అతని ఇల్లు పీకి, ఇటుకలు పిల్లలకి ఆడుకోవడానికి ఇచ్చేస్తాం. మనిషిని తెప్ప మీద ఎక్కించి సముద్రంలోకి తోసేస్తాం. ఆ తర్వాత అతని పేరు ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళ దీపం కూడా ఆరిపోతుంది. ఆరినవాడు ఈ ఊళ్లో ఎప్పుడూ పుట్టలేదు, ఎప్పుడూ తిరగలేదు, ఎవరికీ ఏమీ కాడు.

నాకు తమ్ముడున్నాడు. పేరు రాయకూడదన్నారు గానీ తమ్ముడు అనకూడదని ఎవరూ చెప్పలేదు, అందుకే అంటున్నాను. అమ్మ పోయాక నేనే వాడికి అన్నం పెట్టాను, తల దువ్వాను, టంకం వెయ్యడం నేర్పాను. రెండేళ్ళ కిందట నీళ్ళ డ్రమ్ము దగ్గర తగువులో వాడు రెంచీతో ఒక మనిషి తల పగలగొట్టాడు. ఆ మనిషి తవిటమ్మ మొగుడు. వాడి ఇల్లు బొమ్మ ఊళ్లో మా ఇంటి పక్కనే ఉండేది. దాన్ని పీకింది నేనే, నా పని కదా. ఇప్పుడక్కడ వట్టి బొడిపెలున్న ఖాళీ చోటుంది. దుమ్ము దులిపేటప్పుడు దాన్ని కూడా దులుపుతాను.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేము ఇంకా ఘనులం. ఇంట్లో అలాంటివాడు లేనేలేడని తీర్మానం చేసుకుని కూర్చున్నాం. వాడు వెళ్ళాక తీగలు మార్చాలని ఒక్కరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. లేనివాడికి తీగలు తెలిసుండడం ఎలా కుదురుతుంది?

చిట్టా 4
గాలి తూర్పు. వెలుగుతున్నవి: రెండు ఇళ్ళు తప్ప అన్నీ.

తవిటమ్మని కొలువు డబ్బాలోకి పిలిచాను. కాపలావాళ్ళని బయటికి పంపమన్నాను.

"తీగలు ఎవులు ముడేసినారో తెల్సిందా?" అని అడిగింది.

వాడి ఇంటిదని సీసాలో దాచుకున్న నీలం ఇటుక ఒకటి తీసి, బొమ్మ ఊళ్లో మా ఇంటి పక్క ఖాళీ చోటులో పెట్టాను. టక్కుమని కూర్చుంది.

తవిటమ్మ ఆ ఇటుక వంక చూసింది. ఈటె మొనతో ఇటుకని పీకి నేలమీద పడేసి, చెప్పుకాలితో తొక్కింది. అది పగల్లేదు. బొమ్మ ఇటుకలు అంత సులువుగా పగలవు. ఆవిడ అరికాలికే గుచ్చుకుని ఉంటుంది.

"బతికే ఉన్నాడన్నమాట," అంది. "పడవోల్ల కూడు తింతన్నాడన్నమాట."

"ప్రాణాలతో పట్టుకోవాలి."

"ఎందుకూ?"

"నాకు కావాలి కాబట్టి." ఇంకేం చెప్పను? సింహాద్రి మెడ చూశాను, నూకరాజు కడుపు చూశాను. అవన్నీ చూశాక కూడా వాడు నాకు కావాలి. సిగ్గుగానే ఉంది, కానీ ఉన్నమాట అది. "వాడు ఈసారి ఏ తీగ ముట్టుకున్నా మనకి తెలిసేలా చేస్తాను. బదులుగా వాణ్ణి చంపకుండా మళ్ళీ తెప్ప ఎక్కించు. దూరం తోసెయ్యి. చాలు."

ఆవిడ మాటిస్తే తప్పదని ఊరందరికీ తెలుసు, అందుకే అంత సులువుగా ఇవ్వదు.

"పేనంతో నా సేతికి సిక్కితే పేనంతోనే తెప్పెక్కిత్తాను. కానీ దీపం ఎలగ్గానే నువ్వు సెప్పాల. ఆడెక్కడున్నాడో నాను అడగ్గానే సెప్పాల."

సరేనన్నాను.

చిట్టా 5
గాలి పడమర. వెలుగుతున్నవి: రెండు ఇళ్ళు తప్ప అన్నీ.

పని ఇది. ప్రతి ఇంటి పాత తీగ చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి తీగ ఇంకొకటి చుట్టాలి. పాత తీగని చిప్పతో గీకినవాడు ఈ సన్నదాన్ని తెలియకుండానే తెంపేస్తాడు. అది తెగిన క్షణాన బొమ్మ ఇంటి అటక మీద నారింజ దీపం వెలుగుతుంది. నారింజ ఎల్‌ఈడీలు పాత రిమోట్లలోంచి, చచ్చిన బొమ్మకార్లలోంచి ఏరాను. పైకప్పు ఇటుకకి కాల్చిన సూదితో కన్నం పెట్టి, దీపం దూర్చి, జిగురుతో మూస్తే బయటికి ఏమీ కనబడదు.

చెప్పడానికి బాగానే ఉంది. కుడిచేతికి రెండు వేళ్ళు లేనట్టే. మొదటి ఇటుకకి కన్నం పెట్టేసరికి కట్టు లోంచి నెత్తురు కారింది. రెండోది చేతిలోంచి జారి ఎటో పోయింది. దాని కోసం నేలమీద దేవుకుంటుంటే గుమ్మంలో బంగారమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. కొడుకుని పూడ్చిన మట్టి ఇంకా ఆవిడ చీర కుచ్చిళ్ళకి ఉంది.

ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుని ఇటుకని రెండు వేళ్ళతో కదలకుండా పట్టుకుంది. నేను ఎడమచేత్తో సూది దించాను. సూది జారి ఒకసారి ఆవిడ వేలు కాలింది. ఆవిడ చెయ్యి తీయలేదు.

"నీ ఏళ్ళు ఇరగ్గొట్టినాను," అంది చివరికి.

"అవును."

"తప్పు సేసినానా?"

"అవును. ఇటుక ఒంకర పెట్టకు."

అలాగే ఊరంతటికీ దీపాలు పెట్టాం. మళ్ళీ ఆ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రేపటి నుంచి మధ్యాహ్నాలు నేను ఇంటికి పోను. కొలువు డబ్బాలోనే కూర్చుని బొమ్మ ఊరు చూడాలని తవిటమ్మ హుకుం. మా ఇంటి తలుపు ఉత్తినే చేరవేసి వచ్చాను. గోనెలు తడపడం మానేశాను, ఖాళీ ఇల్లు కదా.

చిట్టా 6
గాలి లేదు. ఎండ. వెలుగుతున్నవి తర్వాత రాస్తాను.

ఈరోజు మధ్యాహ్నం మొదట పిల్లల డబ్బా మీద నారింజ దీపం వెలిగింది.

తవిటమ్మ, కాపలావాళ్ళు ఒక్క ఉదుటున లేచారు. వాళ్ళు కత్తులు, ఈటెలు సర్దుకుంటుండగా, పిల్లల డబ్బాకి పైనే ఉన్న మా బొమ్మ ఇల్లు కూడా వెలిగింది. ఖాళీ ఇల్లు, చీకటిగా ఉండాల్సింది, తెల్లగా వెలిగి అటక మీద నారింజ కూడా వేసుకుంది. దీపాలు తప్ప ఏమీ తెలియని ఆడదాని ఇంట్లో దోచుకోవడానికి ఏముంది? ఆ వేళకి నేను ఇంట్లో పడుకుని ఉంటానని నమ్మేవాడు ఒక్కడే ఉన్నాడు. నేను ఇంట్లోనే ఉన్నాననుకుని, నేను మీట నొక్కినా ఎరుపు వెలగకుండా తీగ ముడేసి వచ్చాడు.

కట్టు కట్టిన చెయ్యి మా బొమ్మ ఇంటి మీద పెట్టేశాను. గుడ్డ సందుల్లోంచి నారింజ వెలుగు కొంచెం పైకొచ్చింది. తవిటమ్మ చూడలేదు.

"ఆడెక్కడ?" అంది.

ఆవిడ కళ్ళు చూశాను. వాడు మా ఇంట్లో ఉన్నాడని చెబితే ఆవిడ అక్కడికే వస్తుంది, కాపలావాళ్ళంతా ఆవిడ వెనకే వస్తారు. పిల్లల దగ్గరికి ఎవరూ పోరు. ఈ రెండేళ్ళూ ఆవిడ ఆ ఒక్క తల కోసమే బతికింది.

"ఇక్కడే," అని పిల్లల డబ్బా చూపించాను. "పిల్లల దగ్గరే ఉన్నాడు."

అందరూ పరిగెత్తారు. నేను గునపం తీసుకుని మా ఇంటికి పరిగెత్తాను. కింద పిల్లల డబ్బా వైపు నుంచి అరుపులు మొదలయ్యాయి. సన్యాసమ్మ గొంతు ఒకసారి వినబడి ఆగిపోయింది. ఆ గొంతుతోనే నాకు కూడా చిన్నప్పుడు కథలు చెప్పింది.

మా తలుపు తెరిచి ఉంది. వాడు లోపల నా మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. చెంప మీద కొత్త మచ్చ. నేను గుమ్మంలో కనబడగానే నవ్వాడు. చిన్నప్పటి నవ్వే, ఏం మారలేదు.

"అప్పా, పద. కింద పడవ ఉంది. నీకు సోటుంచినాను."

"పిల్లల డబ్బా తీగ ఎవరు ముడేశారు?"

వాడు తల దించుకున్నాడు. "నానే. ఉట్టినే పడవోల్లు నిన్ను ఎక్కనిత్తారేటి? ఆల్లకి ఏదో ఒకటి సూపించాల గదా. సింహాద్రి ఇల్లు సూపినాను, సాలదన్నారు. బంగారమ్మ ఇల్లు సూపినాను, సాలదన్నారు. పిల్లలయితే సాలన్నారు. నీ కోసమే అప్పా. నాకెవులున్నారు?"

నాకోసమట. సింహాద్రి మెడా, నూకరాజు కడుపూ, అన్నీ నాకోసమేనట. గునపం ఎత్తి వాడి మోకాలి మీద కొట్టాను. ఎముక పగిలింది. వాడు అరుస్తూ పడిపోయాడు. రెండో దెబ్బ తలకి వెయ్యాలని ఎత్తాను, చెయ్యి రాలేదు. బయటికి దూకి తలుపు లాగి, బయటినుంచి గడియ వేసి, గడియలో గునపం దూర్చాను. తవిటమ్మ వచ్చేదాకా ఇక్కడే ఉంచుతాను, ప్రాణాలతో అప్పజెబుతాను, ఆవిడ మాట తప్పదు. అదొక్కటే ఆలోచన. పైన గోనెలు ఎండి పెళుసెక్కి ఉన్నాయని ఆ క్షణాన గుర్తే లేదు.

వాడు లోపల్నుంచి తలుపు బాదాడు. "అప్పా, తలుపు తియ్యి" అన్నాడు. నన్ను తిట్టాడు. అమ్మని పిలిచాడు. నేను తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. ఇనుము వీపుకి చురుక్కుమంటోంది.

తవిటమ్మ వచ్చేసరికి ఒళ్ళంతా నెత్తురు. సగం ఆవిడది, సగం పడవోళ్ళది. భుజం దగ్గర కండ వేలాడుతోంది. పిల్లలు దక్కారు. సన్యాసమ్మ పోయింది. దొరికిన పడవోళ్ళందర్నీ నరికి కొండ మీంచి తోసేశారు. వెనకే ఊరంతా వచ్చింది.

"ఆడక్కడ అగపడ్నేదు," అంది తవిటమ్మ. తర్వాత నా వెనక తలుపు వంక, గడియలో గునపం వంక చూసింది. "నోపలెవులు?"

లోపల్నుంచి ఒక గుద్దు వినబడింది. అందరూ విన్నారు. నేను తమ్ముడని కూడా అనలేకపోయాను. అందరూ నెత్తురుతో ఉన్నారు, కత్తులతో ఉన్నారు. పేరు ఎత్తితే నా దీపం పోతుంది. ఎత్తకపోతే, మా కట్టుబాటు ప్రకారం, లోపల మనిషే లేడు. లేనివాణ్ణి ఎలా నరుకుతారు? జనం చెదిరాక ఆవిడకి నెమ్మదిగా చెప్పుకోవచ్చనుకున్నాను. మహా తెలివైన దాన్ని కదా.

"ఎవరూ లేరు," అన్నాను.

తవిటమ్మ నా మొహంలోకి చూసింది.

"ఎవులూ నేకపోతే తలుపు తియ్యక్కర్నేదు," అంది. గుమ్మం ముందు రాయి మీద కూర్చుని, ఈటె ఒళ్ళో పెట్టుకుని, భుజానికి కట్టు కట్టించుకోసాగింది. "గోనెలు కూడా తడపక్కర్నేదు. నీల్లు ఉట్టినే పోయకూడదు గదా."

లోపల గుద్దులు కొంచెంసేపు గట్టిగా, తర్వాత ఆగి ఆగి. మధ్యలో నేలమీద ఏదో ఈడ్చుకుంటూ పోయిన చప్పుడు. నాకు మేక గుర్తొచ్చింది. నేను వాడి పేరు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. పేరు చెబితే రేపు నేనూ తెప్ప మీద ఉంటాను, ఈ కొండా, ఈ దీపాలూ, నా బతుకంతా పోతుంది. అది బేరమాడుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోను, ఆ సేపటికి.

గుద్దులు ఆగిపోయాయి. అప్పుడు వాడి పేరు చెప్పాను. అందరికీ వినబడేలా, రెండుసార్లు చెప్పాను. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. ఒక ముసలాయన చెవులు మూసుకున్నాడు.

తవిటమ్మ లేచింది. "పేనంతో సిక్కితే అన్నాను. తియ్యండి," అంది.

గునపం లాగారు. తలుపు తెరిస్తే పొయ్యి మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. వాడు తలుపు దగ్గర లేడు. మీట ఉన్న గోడ పక్కన, విరిగిన కాలు మడిచి పడి ఉన్నాడు. అరచేతుల చర్మం తలుపుకి అంటుకుపోయి ఉంది. ఊపిరి లేదు.

బంగారమ్మ తడిగోనె తెచ్చి వాడి మీద కప్పింది. కొడుకుని చంపించినవాడి మీద కప్పింది. ఆవిడ ఎందుకు కప్పిందో నేను అడగలేదు.

చిట్టా 7
గాలి తూర్పు. ఆటు మొదలైంది.

ఇదే నా ఆఖరి చిట్టా. పేరు ఎత్తాను కాబట్టి కట్టుబాటు నాకూ ఒకటే. తెప్ప కింద సిద్ధంగా ఉంది. వాడి పేరు చెరిపెయ్యకుండా చిట్టాలో రాసి వెళ్తానంటే తవిటమ్మ వద్దనలేదు. "రాసీసి రా," అని బయట కూర్చుంది. ఆవిడ మొహం చూస్తే పగ తీరినదానిలా లేదు, ఒళ్ళు బాగాలేనిదానిలా ఉంది. దీపాల పని బంగారమ్మకి అప్పగించాను. ఇటుక వంకర పెట్టకుండా పట్టుకోవడం వచ్చు, మిగతాది నేర్చుకుంటుంది. తీగలన్నీ ఇప్పుడే మార్చెయ్యమని చెప్పాను. నాకు కూడా ఆ తీగలన్నీ తెలుసని మర్చిపోవద్దన్నాను.

మా బొమ్మ ఇంటి దీపం నేనే తియ్యాలి కదా. నిన్న వాణ్ణి పూడ్చాక అందుకే కొలువు డబ్బాకి వచ్చాను. వచ్చి చూస్తే మా ఇంట్లో దీపం తెల్లగా లేదు. ఎర్రగా కొట్టుకుంటోంది.

ఇంటికి తిరిగి వెళ్ళి చూశాను. వాడు విరిగిన కాలుతో నేలమీద ఈడ్చుకుంటూ పోయి, కన్నంలోంచి తీగ పైకి లాగి, తను వేసిన ముడి తనే విప్పాడు. తోక లోపలికి మడిచిన ముడి విప్పడం చల్లటి చేతులకే కష్టం. పళ్ళతో విప్పినట్టున్నాడు, రాగి మీద పంటిగాట్లున్నాయి. తీగ సరిచేశాక లేచి మీట నొక్కాడు. ఆపదలో ఉన్నాం రమ్మని ఊరిని పిలిచాడు, మా ఊరివాళ్ళం అందరం పిలిచినట్టే. కాపలావాళ్ళు, తవిటమ్మ, ఊరంతా మా గుమ్మం ముందే ఉన్నారు. నేను ఆ తలుపుకే వీపు ఆనించి ఉన్నాను. ఆ వేళ బొమ్మ ఊరి ముందు చూసేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ దీపం నేను తియ్యను. కావాలంటే వాళ్ళే తీసుకోనీ.

వెలుగుతున్నవి: మూడు ఇళ్ళు తప్ప అన్నీ తెలుపు. మా ఇల్లు ఎరుపు. మీట నొక్కినవాడు అసిరినాయుడు, నా తమ్ముడు.